చదువు మాననివ్వని సారు

మహబూబాబాద్‌లోని ఒక నర్సింగ్ కాలేజీలో జయపాల్ సారు పని ఒక్కటే, చేరిన పిల్ల చదువు మధ్యలో మానకుండా చూడటం. మిరపకాయ ఏరడానికి పోయిన పిల్లను చేనుగట్టు మీదే బతిమాలుతాడు. పెళ్లి కుదిరిన పిల్లయితే ఆమె కాబోయే అత్తను ఒప్పిస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మడత నలగని రుమాలు, భుజాన సంచిలో వేలిముద్రల మెషిన్. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు కనుక, కాలేజీకి రాని పిల్ల దగ్గరికి మెషినే వెళుతుంది.

ఆ పొద్దున చిట్యాలలో, ఆ కాలేజీలోనే చదివే రేణుక తండ్రి శవం వాకిట్లో ఉంది. సారు చెప్పులు విడిచి, శవానికి దండం పెట్టి, రేణుక పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె బొటనవేలు పట్టుకుని మెషిన్ మీద ఒత్తాడు. ముద్ర పడలేదు. రుమాలుతో వేలు తుడిచాడు. అంతలో ఆమె కళ్లు తుడుచుకుంది, వేలు మళ్లీ తడిసింది.

“జర ఏడుపు ఆపు బిడ్డా, తడి వేలు పడది,” అన్నాడు ఎంతో మెత్తగా.

రేణుక ఊపిరి బిగబట్టింది. మెషిన్ థాంక్యూ అంది. తల్లి దుర్గమ్మ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

“మా సుట్టాలే ఇంకా రాలే సారూ, నువ్వే ముందుగాల వచ్చినవ్.”

సారు మెషిన్‌ను సంచిలో పెట్టుకున్నాడు.

“రేపు గూడ వస్త అక్కా.”