నలుపు తెలుపు జట్టు తుండ్లు

ఫుట్‌బాల్ గురించి పెళ్లికి ముందు నాకు తెలిసింది ఒక్కటే. కాలేజీ మైదానంలో మగపిల్లలు ఆడుతుంటే ఆడపిల్లలు ఆ గట్టున నడవకూడదు. అలాంటిది ఒక ఏడాదంతా స్వీడన్ దేశపు మొదటి తరగతి లీగ్‌లో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని మా ఇంట్లో నలుగురం కనిపెట్టుకుని ఉన్నాం. పాప నిద్రపోయాక రాసుకునే ఈ కాగితాల్లో అది కూడా ఉంటే మంచిదనిపించింది.

తిరుత్తణిలో డిగ్రీ అయిన మరుసటి ఏడాది నేను ఆర్.కె.పేటకు కోడలిగా వచ్చాను. మగ్గాలున్న ఇల్లు. ఒక మగ్గం మీద మామ, ఇంకో మగ్గం మీద మా ఆయన. కండెలు చుట్టడం అత్త పని. అప్పటికే వీధిలో సగం ఇళ్లల్లో కరెంటు మగ్గాలు టకటకలాడుతున్నాయి. వాటితో పోటీగా లుంగీలు నేసి బతకడం చేతి మగ్గానికి కుదరదని అందరికీ తెలుసు, మామకు తప్ప. మా ఆయనకైతే ముందే తెలుసు. మద్రాసు పక్కన అంబత్తూరు ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడొకడు, ఎప్పుడొచ్చినా చేర్పిస్తానని ఆయనతో అన్నాడు.

నాకు మాత్రం వెళ్లాలని లేదు. పాపకు అప్పటికింకా మెడ నిలవలేదు. పాలు కక్కినా, తుమ్మినా, మామూలు కంటే ఎక్కువసేపు నిద్రపోయినా నాకు గుండె దడ. రాత్రుళ్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. అత్త ఉంటే ఒక్క కేకకు వస్తుంది. మద్రాసు పక్కన ఒంటి గదిలో, ఆయన షిఫ్టుకు పోయాక, పాపకు ఏమైనా అయితే ఎవరిని పిలవాలి? ఆ మాట ఆయనతో అంటే, అక్కడ వీధికొక డాక్టరు ఉంటాడని చెప్పేవాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ నా భయం తగ్గలేదు.

ఆ సమయంలోనే తిరుత్తణి మేస్త్రీ కొత్త ఆర్డరు తెచ్చాడు. మద్రాసు ఎగుమతి కంపెనీకీ మాలాంటి ఇళ్లకూ మధ్య మనిషి ఆయన. నూలు ఇచ్చిపోతాడు, నేసిన గుడ్డ పట్టుకుపోతాడు. ఈసారి లుంగీలు కాదు, మెడ చుట్టూ వేసుకునే పొడుగాటి తుండ్లు. లావు నూలు, నలుపూ తెలుపూ పట్టీలు, రెండు కొసలా కుచ్చులు. దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితం నన్ను చదవమన్నారు. స్వీడన్‌లో ఏదో ఊరి ఫుట్‌బాల్ జట్టుకు ఆ రంగులట. ఆట చూడటానికి వచ్చే జనం వాటిని మెడలో వేసుకుని, జట్టు గెలిస్తే పైకెత్తి ఊపుతారట.

"బంతాట చూసేదానికి తుండెందుకమ్మా?" అన్నాడు మామ.

నేను చెప్పబోయేలోగా ఆయనే అర్థం చేసుకున్నాడు. "కట్చి తుండు మాదిరి. మీటింగుల్లో వేస్కుంటారే, అట్టాంటిదే గదా?"

కట్చి అంటే మా వైపు మాటలో పార్టీ. అంతకంటే బాగా నేను చెప్పగలిగేదాన్ని కాదు. ఎన్నికలొస్తే మా ఇంట్లో పార్టీల అంచులున్న తుండ్లు నేసేవారు. ఒక మగ్గం మీద ఒక పార్టీవి, రెండో మగ్గం మీద దాని ఎదురు పార్టీవి. కట్టలు కలిసిపోతే తలలు పగులుతాయని ఒకటి అటక మీద, ఇంకొకటి మంచం కింద పెట్టేవారు. లీగ్‌లో పన్నెండు జట్లున్నాయని నేను చెబితే, ఒక్క దేశంలో పన్నెండు కట్చిలా అని మామ ఆశ్చర్యపోయాడు. మన దగ్గర అంతకంటే ఎక్కువే ఉన్నాయని అత్త అంది. ఏడాది చివర్లో అందరికంటే అడుగున నిలిచిన రెండు జట్లు కింది తరగతికి దిగిపోతాయని మేస్త్రీ చెప్పాడు. డిపాజిట్టు పోయినట్టు అన్నమాట అన్నాడు మామ.

మేస్త్రీ ఇంకో మాట కూడా చెప్పాడు. మాకు ఆర్డరు పంపిన జట్టు మొదటి తరగతిలో ఉన్నంతకాలం ఏటా ఈ తుండ్లు కావాలి. అక్కడ చలికాలమంతా మంచు కాబట్టి వాళ్ల ఆట ఏప్రిల్‌లో మొదలై అక్టోబరులో అయిపోతుంది. మనం వేసవికి ముందే నేసి ఓడకెక్కించాలి. ఏటా పని ఉంటుందంటే మా ఆయన కాసేపు ఆలోచించి, ఈ ఏడాది చూస్తాను, ఇది నిలిస్తే ఇక్కడే ఉంటాను అన్నాడు. ఆ రోజు నేను పాపను పక్కలో వేసుకుని తెల్లారేదాకా మెలకువ రాకుండా నిద్రపోయాను.

నిలువు పోగుల పడుగు సిద్ధం చేసింది మామే. నలుపూ తెలుపూ తప్ప ఇంకో రంగు లేని పడుగును మా ఇళ్లల్లో మగ్గం ఎక్కించరు. అది చావింటి గుడ్డ అంటారు. పార్టీ తుండ్లలో నలుపున్నా పక్కనే ఎరుపు ఉండేది కాబట్టి ఆ చిక్కు రాలేదు. ఇక్కడ ఎరుపు లేదు. అందుకని మామ ఎవరినీ అడక్కుండా తెల్ల నూలు పోగులు తీసుకుని, పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి, అటు అంచున ఒకటి, ఇటు అంచున ఒకటి కలిపాడు. మేమందరం చూశాం. ఎవరికీ అది చెప్పుకోవాల్సిన సంగతిగా తోచలేదు. వంటలో ఉప్పు వేసినట్లే అది.

దాదాపు అంతా నేయడం అయిపోయాక మేస్త్రీ సరుకు చూడటానికి వచ్చాడు. ఒక తుండు విప్పి వెలుతురుకు పట్టుకుని అంచు మీద వేలు ఆనించాడు.

"ఇదేంది మామా, పసుపు?"

"మంగళానికి," అన్నాడు మామ.

మేస్త్రీ తుండు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన గొంతు పెంచలేదు. ఆ జట్టుకు పక్క ఊరి జట్టంటే పడదట. ఆ పక్క ఊరి రంగులు పసుపూ నలుపూనట. వాళ్ల తుండ్లు మా దగ్గరి పొదటూరుపేటలో నేస్తున్నారట, ఆయన పొద్దున అక్కడి నుంచే వస్తున్నాడట. ఎదుటివాళ్ల రంగు అంచుతో ఈ గుడ్డ పంపిస్తే మద్రాసు కంపెనీ వాళ్లు గుమ్మం దాటనివ్వరు అని చెప్పాడు.

రెండు పార్టీల తుండ్లను రెండు చోట్ల దాచిన మనిషి మామ. ఆయనకు ఇంకేమీ విడమరిచి చెప్పనక్కర లేకపోయింది. ముఖం చిన్నబోయింది.

"అంచు పోగే గదా," అన్నాడు మేస్త్రీ. "కొస పట్టి లాగితే వొచ్చేస్తాది. ఆడోళ్లు కూర్చుంటే నాలుగు పూటల పని."

అత్త చేయి ఆమె మెడలోని పసుపుతాడు మీదికి పోయింది. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అది ఎందుకో మేస్త్రీకి కూడా అర్థమైంది. భర్త ఉన్న ఆడది కూర్చుని పసుపు పోగులు లాగి పారేయడం ఎవరి ఇంట్లోనూ జరగదు.

"నేను బతికుండంగా ఆ పోగు ఎవురూ లాగేది లేదు," అన్నాడు మామ.

"అయితే నేను సరుకు ఎత్తుకోను మామా. నామీద కోపం పెట్టుకోవొద్దు."

అప్పుడు నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "ఎత్తుకోకపోతే మానె," అన్నాడు. ఆ మాటలో బాధ లేదు. తల మీద బరువు దించుకున్నవాడి గొంతు అది. ఆయనకు వెళ్లాలనే ఉందని, నా కోసం, మామ కోసం ఒక ఏడాది ఒప్పుకున్నాడని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా నేను నా వైపే ఆలోచించాను.

శుక్రవారం శుక్రవారం నా తాడుకు నేనే పసుపు రాసుకుంటాను. పాపను ఎత్తుకుని పెరట్లో ఎండలో తిరిగితే నాలుగు రోజులకే అది పాలిపోతుంది. మామ వేసింది అంగడి రంగు కాదు, ఇంటి పసుపే. మేస్త్రీని వారం ఆగమని అడిగాను. ఆయన వెళ్లాక మామతో, పోగు లాగొద్దు, ఎండకు వేద్దాం, అదే పోతుంది అని చెప్పాను. సబ్బు మాత్రం తగలనివ్వొద్దు, పసుపు ఎర్రబడుతుంది అని వంటింట్లోంచి అత్త అంది. మామ ఒక తుండు తీసి అంచు పోగును వేలితో తడిమాడు.

"సూర్యుడు తీస్కుంటే తీస్కోనీ," అన్నాడు చివరికి. "ఆయన్ని అడ్డుకునేదానికి మనమెవరం?"

ఊరి బయట బండ మీద తడి తుండ్లు పరిచి, మూలలకు రాళ్లు పెట్టాం. ఆరితే మళ్లీ నీళ్లు చల్లేవాళ్లం. పాపను చింతచెట్టు కింద చీర ఉయ్యాలలో వేసి, ఒక కన్ను దాని మీద, ఒక కన్ను గుడ్డ మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. నలుపు కూడా వెలిస్తే మొత్తం పోయినట్లేనని భయపడ్డాను. నలుపు నిలిచింది. పసుపు మెల్లగా గోధుమపిండి రంగుకు వచ్చి, తర్వాత తెలుపులో కలిసిపోయింది. దారిన పోయేవాళ్లు ఏం నేశారు, ఎవరికి అని అడిగేవారు. ఇదేదో కొత్త కట్చి, ఇంకా మన ఊరికి రాలేదు అని అత్త చెప్పేది. మేస్త్రీ వచ్చి అంచులు చూసి, కట్టలు కట్టించుకుని వెళ్లిపోయాడు.

తుండ్లు వెళ్లాయి. ఇక ఆ జట్టు మొదటి తరగతిలో నిలబడాలి. మా ఆయన ట్రాన్సిస్టర్‌లో సాయంత్రం పూట స్వీడన్ నుంచి ఇంగ్లీషు వార్తలు వచ్చేవి. వారం చివర ఆట ఫలితాలు చదివేవారు. నేను పాపకు ఉగ్గు పెడుతూ, గరగరల మధ్య మా జట్టు పేరు కోసం చెవి ఒగ్గేదాన్ని. ఆడేవాళ్లలో చాలామందికి వేరే ఉద్యోగాలు ఉన్నాయని ఒకసారి విన్నాను. గోల్ కాచేవాడు పోస్టు బట్వాడా చేస్తాడట. అది విని మామకు వాళ్ల మీద అభిమానం పెరిగింది.

"మనోళ్లు ఏమైనారు?" అని మగ్గం గుంటలోంచే అడిగేవాడు.

"ఓడినారు మామా."

"ఎవురి చేతిలో?"

"పసుపోళ్ల చేతిలో."

"మనం తీసేసింది వాళ్లకు పొయ్యింది," అనేవాడు. నవ్వేవాడు కాదు.

ఎండాకాలం అయ్యేసరికి మా జట్టు పదో చోట ఉంది. వానలు మొదలయ్యాక పదకొండో చోటికి వచ్చింది. ఫలితాల రోజు నాకు అన్నం సయించేది కాదు. తెలియని ఊరు, ముఖమైనా చూడని మనుషులు. వాళ్లలో ఒకడు బంతిని సరిగ్గా తన్నకపోతే నేను పాపను ఎత్తుకుని అంబత్తూరు పోవాలి. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారని నాకు తెలుసు. మా ఆయన కూడా వినేవాడు, కానీ ఏమీ అడిగేవాడు కాదు. మా జట్టు గెలిచిన రోజు ఆయన తొందరగా పడుకునేవాడు.

అక్టోబరులో ఆఖరి ఆటలో సమానం చేసినా సరిపోయేది. ఓడిపోయారు. వార్తలు చదివేవాడు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి, వాతావరణానికి వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకు మేస్త్రీ వచ్చాడు. పొదటూరుపేటకు మళ్లీ ఆర్డరు వచ్చిందని, మాకు రాలేదని చెప్పాడు. కింది తరగతి ఆటకు వచ్చే జనం తక్కువట, పదిమందికి తుండ్లు ఉంటే చాలట, అవి పోయినేటివే మిగిలాయట. మామ తల ఊపాడు. లుంగీల నూలు ఉంటే ఇవ్వమని అడిగాడు.

ఆ వారంలోనే నేను మా ఆయనతో మాట్లాడాను. అంబత్తూరులో వద్దు, తిరువళ్లూరులో ఇల్లు తీసుకుందాం, ఫ్యాక్టరీకి ఎలక్ట్రిక్ రైల్లో పోయి రావచ్చు, ఇక్కడి నుంచి అత్త బస్సెక్కితే పూటలో వస్తుంది అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నేను ముందే అడిగి ఉంటే ఏడాది ముందే ఒప్పుకునేవాడేమో. అది నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తిరువళ్లూరు వచ్చిన మొదటి నెలలోనే పాపకు జ్వరం వచ్చింది. ఆయన తెల్లవారుజామున రైలుకు పోయాడు. పొద్దెక్కాక పాప ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఎవరిని పిలవాలా అని నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎదురింటి తలుపు వేసి ఉంది. పాపను చీర కొంగులో చుట్టి, తాళం వేసి, దారి అడుగుతూ ఆసుపత్రికి నడిచాను. వరసలో కూర్చున్నాను. పన్ను వస్తోంది, ఇంకేమీ లేదు అని డాక్టరమ్మ అరవంలో చెప్పి, మందు సీసా ఇచ్చి, తడిగుడ్డ పెట్టమంది. చంకలో పాపతో సీసా మూత నేను సరిగ్గా బిగించలేకపోయాను. పక్కనున్న ఆమె బిగించి ఇచ్చింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి పాప నేల మీద కూర్చుని గరిటెతో ఆడుకుంటోంది. పొద్దున జ్వరం వచ్చిందని చెప్పాను. అప్పుడేం చేశావని అడిగాడు. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను అన్నాను.