లేదని చెప్పని మాడ్యూల్

వేలూరులో కంప్యూటర్లు అప్పుడప్పుడే దిగుతున్న రోజులవి. ఇళ్లకు ఎస్టిమేట్లు వేసే మా ప్రోగ్రాంకు సి భాషలో రాసిన ఒక మాడ్యూల్, అంటే ఒక విడి భాగం, తగిలించాం. అది మొదలవగానే ధరల ఫైలు తెరవాలి. ఫైలు దొరక్కపోయినా ఆ మహాతల్లి నోరు మెదపదు. అంతా బాగున్నట్టే నడిచి, ఎక్కడో చివర కుప్పకూలుతుంది. కారణం కనుక్కోవడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఒళ్లు మండి, దాన్ని రాసిన గుడియాత్తం మిత్రుణ్ణి నిలదీశాను. వాళ్లది మేస్త్రీల కుటుంబం.

"పని మొదలుపెట్టేటప్పుడు లేదని యాడన్నా అంటారా అప్పా? పునాది పూజనాడు ఇసుక లేకపోయినా మా నాయన ఉండాదనే చెప్తాడు," అన్నాడు నింపాదిగా.

వాడితో వాదించే ఓపిక లేక, ఫైలు లేకపోతే అక్కడే ఆగి ఆ మాట చెప్పేలా నేనే తిరగరాశాను.

మర్నాడు ప్రోగ్రాం కొనడానికి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. కంప్యూటర్ ముందు కర్పూరం వెలిగించి, బటన్ ఆయనచేతే నొక్కించాం. తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క పడి ఆగిపోయింది.

"ఏమంటా ఉండాది?" అని అడిగాడు.

"ఫైలు లేదంట," అన్నాను. ధరల ఫైలున్న ఫ్లాపీ నా సొరుగులోనే ఉండిపోయింది.

ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. మిత్రుడు నా వైపు చూడనైనా లేదు. పాత మాడ్యూలైతే కర్పూరం ఆరేదాకానైనా నడిచేది.