దుప్పట్ల గదిలో తేడా ఇరవై

చెవి మిషన్ల మేస్త్రి రోజూ మధ్యాహ్నం పెళ్లాన్ని దుప్పట్ల గదిలోకి తీసుకెళ్లి, తలుపేసి తిడతాడని మా వీధిలో ఒక పుకారు షికారు చేస్తోంది. లోపలి నుంచి మగగొంతే వినబడుతుందట. తలుపేసుకోవడం నిజం. తిట్టడం శుద్ధ అబద్ధం.

అందరి చెవులకూ మిషన్లు అమర్చేవాడికి ఇంట్లోనే చుక్కెదురైంది. ఆవిడకు వినికిడి మందగించింది. మంచి మిషన్ తెచ్చి పెట్టాడు. కింది వాటాలో రేకులు కోసే షెడ్డు.

"మీ మాట దేవుడెరుగు, ఆ రేకులు నా నెత్తిమీదే కోస్తున్నారు!" అందావిడ.

ఇంకా గట్టి మిషన్ తెచ్చాడు. రేకులు ఇంకా దగ్గరికొచ్చాయి.

అప్పుడు శబ్దం కొలిచే మీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో గోల అరవై డెసిబెల్స్, తన మాట అరవై అయిదు. తేడా అయిదు. మిషన్ పది పెంచితే రెండూ పెరుగుతాయి, తేడా మళ్లీ అయిదే. మాట ఎంత గట్టిదన్నది కాదు, గోలకన్నా ఎంత పైనుందన్నదే లెక్క. ఆవిడకు పదిహేనైనా కావాలి. పరుపులూ దుప్పట్లూ పేర్చిన, కిటికీ లేని గదిలో గోల నలభై అయిదుకు దిగింది. తేడా ఇరవై!

"అబ్బ, ముక్కుతో మాట్లాడే అలవాటు ఇంకా పోలేదా మీకు?" అని ఆవిడ పకపకా నవ్వింది. అప్పటి నుంచి వాళ్ల కబుర్లన్నీ ఆ గదిలోనే.

పుకారు మేస్త్రి అక్క చెవిన పడింది. ఊరుకునే మనిషా? చెప్పులు విడుస్తూనే తగులుకుంది.

"ఒరేయ్, మరదల్ని ఏడిపిస్తున్నావటరా?"

"లేదక్కా, మాట్లాడుతున్నా."

"దానికి పరుపుల మధ్య దూరాలా? రాసి చూపించొచ్చుగా?"

"చూపించా. 'నేనేమన్నా ఒకటో తరగతా?' అని పలక విసిరేసింది. నా గొంతే కావాలట."

"వినబడుతోందిగా మరి, మొహం అలా వేలాడేశావేం?"

మేస్త్రి చేతిలోని మీటరు కేసి చూశాడు. "ఇప్పుడు ఇరవై చాలట్లేదక్కా. గోల ఇంతకన్నా దిగదు. గట్టిగా అరిస్తే నా మాట నాకే అర్థం కావట్లేదు."

"చాలట్లేదని తనకి చెప్పావా?"

అతను అడ్డంగా తలూపాడు.

"ఏమండీ, రండి!" దుప్పట్ల గదిలోంచి పిలుపు.

అక్క అతని మోచెయ్యి పట్టుకుంది. "వినబడకపోతే మరి రోజూ ఎందుకురా వెళ్లడం? నిజం చెప్పు."

"నేనేమన్నా తలూపుతుందక్కా. నిన్న గొంతు లేకుండా ఊరికే పెదాలు కదిపా. అప్పుడూ అంతా విన్నట్టే నవ్వి తలూపింది. ఇక ఏం చెప్పి వెళ్లడం మానెయ్యమంటావ్?"