సమ్మక్కకు వేసిన కుర్చీ

చనిపోయినవాళ్లను పిలిపించే మనిషిగా దమ్మపేట చుట్టుపక్కల నాకు కొన్నాళ్లు పేరుండేది. నవ్వకండి. ఆ పేరు కోసం నేను ఒక్క నిమ్మకాయ కూడా కొయ్యలేదు. కౌన్సెలింగ్‌లో డిప్లొమా, పాతికేళ్ల వయసు, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఒకచోట చేరితే ఎంత ప్రమాదమో లోకానికి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులు. ఖమ్మంలో మా ఇంటికి తాళం వేసి, ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగానికని దమ్మపేట వచ్చాను. అయినవాళ్లను పోగొట్టుకున్న పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్లకు ధైర్యం చెప్పడం నా పని. ఆఫీసంటే కిరాయికి తీసుకున్న ఒక గది, ముందు చిన్న వసారా. గోడకు నేనే గీసి అంటించిన చార్టు. దుఃఖానికి ఐదు మెట్లు: నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, దిగులు, ఒప్పుకోవడం. వచ్చినవాళ్లను మొదటి మెట్టు దగ్గర ఎక్కించుకుని ఐదో మెట్టు దగ్గర దింపెయ్యాలని, బస్సు కండక్టర్‌లాగా నాకు గట్టి పట్టుదల.

మరి నీ సంగతేమిటని అడుగుతారేమో. మా అమ్మ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు, తోబుట్టువులు లేరు. అమ్మ పోయిన పదో రోజుకల్లా ఐదు మెట్లూ ఎక్కేశానని పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్న ఘనురాలిని నేను. పెద్దకర్మ కాకముందే దుఃఖం ముగించేసిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. సాయంత్రం నేనుండే గదికి చేరాక మాత్రం రేడియో పెట్టుకోకుండా నాకు ముద్ద దిగేది కాదు. వార్తలు చదివే ఆయన నమస్కారం అంటే, పళ్లెం ముందు కూర్చుని నేనూ నమస్కారం అనేదాన్ని. ఊళ్లో నన్ను పలకరించేవాళ్లంతా పని ఉండి పలకరించేవాళ్లే, ఆయన తప్ప.

అలాంటి నా దగ్గరికి వీరయ్యను ఆయన కూతురు లక్ష్మి తీసుకొచ్చింది. అరవై దగ్గరపడ్డ మనిషి. పామాయిల్ తోటల్లో గెలలు కోసే పని. భార్య సమ్మక్క జ్వరంతో పోయి మూడు నెలలైంది.

"మా నాయిన తింటలేడు మేడం," అంది లక్ష్మి. "పొద్దుగాల అన్నం పెట్టొస్త. మాపటికి పోయి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంటది. బలవంతం చేస్తే రెండు ముద్దలు. మాట లేదు. గిట్లనే ఉంటే అమ్మ ఎనకే పోతడు."

వీరయ్య గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. పక్కటెముకలు చొక్కా మీంచి కనబడుతున్నాయి. నేను స్కేలు పట్టుకుని చార్టు పక్కన నిలబడ్డాను.

"పెద్దయ్యా, మీరిప్పుడు నాలుగో మెట్టు మీదున్నారు."

ఆయన తన కాళ్ల కిందికి చూసుకున్నాడు.

"ఇంకొక్కటే మెట్టు. ఒప్పుకుంటే చాలు."

"ఏం ఒప్పుకోవాలె బిడ్డా?"

"సమ్మక్క లేదని."

"అవ్, లేదు. నేనే మట్టి చేసిన గద."

చార్టు ప్రకారం ఆయన బాగైపోయాడు. అన్నం మాత్రం తినడం లేదు. నా చార్టులో అన్నానికి గడి లేదు.

నాలుగు గురువారాలు ఇలాగే గడిచాయి. నేను ముప్పావుగంట మాట్లాడటం, ఆయన వినడం. చివర్లో "పోయొస్త బిడ్డా" అని లేవడం. మనిషి వారం వారం చిక్కిపోతున్నాడు. ఇక లాభం లేదని, శిక్షణలో నేర్చుకున్న పెద్ద ఆయుధం బయటికి తీశాను.

"పెద్దయ్యా, వచ్చే గురువారం ఈ కుర్చీ సమ్మక్కకు వేద్దాం. ఆమె వచ్చి కూర్చుందనుకుని, మీ మనసులో ఉన్నదంతా ఆమెతో చెప్పండి."

ఆయన మొదటిసారి తలెత్తి నన్ను సూటిగా చూశాడు.

"ఎన్ని గంటలకు?"

"పదకొండుకు."

"మావోళ్లు రావొచ్చునా?"

"మీ ఇష్టం," అన్నాను. అదీ నా కొంప ముంచిన మాట.

మా వైపు ఒక పద్ధతుంది. పండగనాడు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, లోపల పెట్టి, తలుపు దగ్గరికేసి ఇంటిల్లిపాదీ బయటికొస్తారు. వాళ్లొచ్చి తిని వెళ్లేదాకా ఎవరూ లోపలికి పోరు. మా అమ్మ కూడా నాన్నకు ఏటా పెట్టేది. డిప్లొమా చేతికి రాగానే నేను మరిచిపోయిన సంగతుల్లో అదొకటి.

గురువారం పదకొండింటికి రెండు ఆటోల్లో పద్నాలుగు మంది దిగారు. ఒకామె నా కుర్చీని బయటికి లాగి కడిగింది. ఇంకొకామె దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎదురుగా ఆకు వేసి, దాని మీద కొర్రమీను పులుసు గిన్నె పెట్టారు. వీరయ్య చెల్లెలు నా వైపు తిరిగింది.

"మేడం, మీరు గూడ బయటికి రాండ్రి."

"నేను లోపలుండాలమ్మా. దగ్గరుండి మాట్లాడించాలి."

"కొత్తోళ్లుంటే మా వదిన తినది. సిగ్గుపడతది."

రిజిస్టర్ చంకలో పెట్టుకున్నాను. బయటికొచ్చాను. వాళ్లు తలుపు దగ్గరికేశారు. కుర్చీ లోపల, కౌన్సెలర్ వసారాలో.

"ఎంతసేపు?" అని మెల్లగా అడిగాను.

"తినేదాంక."

పక్కన నిలబడ్డ ఒకాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, మా బాపును గూడ పిలుస్తరా? ఆయన పోయేటప్పుడు మా ఇద్దరికి మాటల్లేవు."

కాదనడానికి నోరు తెరిచాను. తండ్రిని తలుచుకుంటున్న ఆయన ముఖం చూశాక నోరు మూసుకుని రిజిస్టర్‌లో పేరు రాసుకున్నాను. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. "కుర్చీలు ఎన్నున్నయ్?" "ఒక్కటే." "అయితే వరస పెట్టుండ్రి." ఇలా ఒక తలుపు మూసి ఉండగానే నా వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలైంది.

తలుపు తీశారు. గిన్నె ఖాళీ. కిటికీలో, గది కిరాయికిచ్చిన ఇంటివాళ్ల పిల్లి తీరిగ్గా మూతి నాక్కుంటోంది. నేను నోరు తెరిచేలోపే అవతలికి దూకింది.

"వచ్చింది. కడుపునిండ తిన్నది," అని వీరయ్య చెల్లెలు కళ్లొత్తుకుంది. అందరి ముఖాలూ తేటపడ్డాయి. వాళ్లను ఆటో ఎక్కించడానికి లక్ష్మి రోడ్డుదాకా వెళ్లింది. వీరయ్య మాత్రం వసారా గట్టు మీద కూర్చుండిపోయాడు. ఈయన్ని మోసం చేసి పంపకూడదని నేనూ పక్కన కూర్చున్నాను.

"పెద్దయ్యా, మీకొక మాట చెప్పాలి. ఆ పులుసు..."

"పిల్లే గద బిడ్డా. నేను గూడ చూసిన."

"మరి వాళ్లకు చెప్పలేదేం?"

"సంబురపడ్డరు. పోనీ తియ్," అన్నాడు. "మా ఇంటిది నేను రాంది తినది. లగ్గమైన కాడ్నించి ఒక్కపూట తినలే. ఆ రోజు జరమున్నది. జరమే గద అని గెలల ట్రాక్టరెక్కి ఫ్యాక్టరీకి పోయిన. ఆడ ట్రాక్టర్ల వరసల పొద్దుగూకింది. ఇంటికొచ్చేసరికి మనిషి లేదు. అన్నం కుండ మూత తీసి లేదు. నాకోసం కూసోని, ఆకలితోనే పోయింది. ఇగ నేనెట్ల తినాలె, చెప్పు?"

నాలుగు వారాలు నేను మాట్లాడుతూనే ఉండి, అడగకుండా వదిలేసిన సంగతి ఇది. ఇలాంటప్పుడు అనాల్సిన వాక్యాలు నాకు పన్నెండు కంఠతా వచ్చు. నోరు తెరిస్తే వాటిలో ఒక్కటీ రాలేదు.

"మా అమ్మ దవాఖానాలో ఉంది," అన్నాను. "నువ్వు పోయి ఏమన్నా తిని రా అంది. నేను కిందికి పోయి ఇడ్లీ తిన్నాను పెద్దయ్యా. ఇంకో ప్లేటు కూడా చెప్పాను. పైకి వచ్చేసరికి..."

ఆ తర్వాత ఏడ్చాను. సినిమాల్లోలాగా ఒక కన్నీటి చుక్క అనుకునేరు. ఎక్కిళ్లతో, ముక్కు కారుతూ, ఇంటివాళ్లు గోడ మీంచి తొంగి చూసేంత గట్టిగా. ఎనిమిది నెలలుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకెవరూ లేరన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది.

వీరయ్య ఊరుకోమనలేదు. నీ తప్పేం లేదనలేదు. నేను ఏ మెట్టు మీదున్నానో చెప్పలేదు. కొంచెం దగ్గరికి జరిగి, నా ఎక్కిళ్లు ఆగేదాకా కూర్చున్నాడు.

"పొద్దుగాల తిన్నవా?" అన్నాడు చివరికి.

తల అడ్డంగా ఊపాను.

ఆయన లేచి, లక్ష్మి సంచిలో మిగిలిన అన్నం, పులుసు తెచ్చి ఇద్దరి మధ్యలో పెట్టాడు. "ఒక్కణ్ణే అంటే నాకు మెతుకు దిగుతలేదు. నీ తీరు గూడ గట్లనే ఉన్నది. తిను."

తిన్నాం. ఆయన నాకంటే ఎక్కువే తిన్నాడు. ఆటోలు ఎక్కించి తిరిగొచ్చిన లక్ష్మి, తండ్రి చేతిలో ముద్ద చూసి అక్కడే ఆగిపోయింది. నేను నోరు మూసుకున్న మొదటి రోజే నా వైద్యం పనిచేసిందన్నమాట.

ఆ కుర్చీ ఎవరినీ పిలవదని పేర్లు రాయించుకున్నవాళ్లందరికీ నిజం చెప్పేశాను. "గా మాత్రం మాకు తెల్వదా? అయినా మేం వస్తం," అన్నారు. వచ్చారు కూడా. గురువారం వస్తే వసారా నిండిపోయేది. గిన్నెలు విప్పేవాళ్లు, పోయినవాళ్ల ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు, మధ్యలో మా అమ్మ సంగతులు నన్నూ అడిగేవాళ్లు. వీరయ్య ఒక్క వారం కూడా తప్పలేదు, ఒళ్లు కూడా చేశాడు. రిజిస్టర్‌లో పేర్లు చూసి మా పై అధికారి ఖమ్మం నుంచి స్వయంగా వచ్చాడు.

"ఇంతమందిని ఎలా రప్పిస్తున్నారండీ? ఏం పద్ధతి ఇది?" అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. ఆయన అక్కడే ఉన్న లక్ష్మినడిగాడు. "మేడం మీకెలా సాయం చేస్తున్నారమ్మా?"

"మేడమా?" అంది లక్ష్మి. "మేమే చేస్తున్నం సార్. తల్లి పోయిన పిల్ల, ఊరుగాని ఊర్లో ఒక్కతే ఉంటది, గురువారం ఒంటరిగ ఇడువొద్దని మా నాయిన అందరికి చెప్పిండు. ఇంటికింత వంతేసుకున్నం. ఇయ్యాల కూర వంతు మాది."

అందుచేత ఇదిగో, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పోయినవాళ్లను నా అంతట నేను ఇంకెన్నడూ పిలవను, ఏడుస్తున్న మనిషికి స్కేలు చూపించను. ధైర్యం చెప్పించుకోవాల్సినవాళ్లు గిన్నె పట్టుకుని వచ్చి నాకే ధైర్యం చెప్తే మాత్రం, సంస్థ నియమాలు ఒప్పుకోకపోయినా సరే, కూర్చుని తింటాను.