చారల్లేని ఉడత

మనం నాటుకున్నదాన్ని ఉడత తింటే అది దొంగతనమేనా? నార్తాంప్టన్‌లో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది.

ఈ ఏడు మొక్కజొన్న వేశాను. వేసవికి వచ్చిన అమ్మ, పొత్తులు కాల్చుకు తినే వెళ్తానని రోజూ వాటిని తడిమి చూసుకుంటోంది. వచ్చే వారమే ఆవిడ తిరుగు ప్రయాణం. ఈ ఉదయం చూస్తే ఒక మొక్క విరిగి పడి ఉంది. దాని పొత్తు పట్టుకుని ఉడత కంచె మీద తాపీగా కూర్చుంది. నేను చెప్పు విసరబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఉడత మీద చెప్పెత్తుతావటే? రాములవారు వీపు నిమిరిన జీవం అది.”

కిటికీలోంచి మా అమ్మాయి అంది, “అమ్మమ్మా, ఇట్స్ అ గ్రే స్క్విరల్. నో స్ట్రైప్స్.”

అమ్మ కళ్ళజోడు సవరించుకుని ఉడత వీపును శ్రద్ధగా పరిశీలించింది. “నిజమేనే, చారల్లేవు. అయితే ఆ కారం డబ్బా పట్రా.”

గుంటూరు నుంచి తెచ్చిన కారాన్ని మొక్కల చుట్టూ తానే చల్లింది. సాయంత్రం ఉడత మళ్ళీ వచ్చి, వాసన చూసి, తుమ్మి, ముందు కాళ్ళతో ముఖం తుడుచుకుంది. అమ్మ గబగబా వెళ్ళి గిన్నెతో నీళ్ళు పెట్టి వచ్చింది.

“చారలు లేకపోయినా మంట మంటేగా” అంది, నా వైపు చూడకుండా.

మీ తోటల్లో మీరేం చేస్తున్నారో చెప్పండి. రేపు మళ్ళీ కారం చల్లాలో, మిగిలిన పొత్తులు ఉడతకే వదిలెయ్యాలో నాకింకా తేలలేదు.