జాతరకు ముందు రాసిన పేర్లు

రండమ్మా, ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుంటే సున్నం అంటుతుంది, కాస్త ముందుకు రండి. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. చెబుతుంటే ఇప్పటికీ నా నోరు చేదవుతుంది.

అప్పుడు మేము తిరుపతిలో ఒక ఇరుకు వీధిలో ఉండేవాళ్లం. మా ఆయన దర్జీ. ఎదురింటతను రేణిగుంట స్టేషనులో మూటలు మోసేవాడు. వాళ్ల కూతురికి అమ్మవారు పోసి కన్ను మూతబడితే, చూపు నిలిస్తే ఏడేండ్లు గంగ జాతరలో ఊరికి వెట్టి చేసే తోటివాడి వేషం వేస్తానని మొక్కుకున్నాడు. చూపు నిలిచింది. అతనూ మాట తప్పలేదు. ప్రతి ఏడూ ఆ వేషం రోజు ఒంటినిండా బొగ్గు పూసుకొని, తెల్లచుక్కలు పెట్టుకొని, వేపమండలు పట్టుకొని బయలుదేరేవాడు.

వేషంలో ఉన్నవాడు ఎవరినైనా తిట్టవచ్చు. ఆడపిల్లల్ని చెరపట్టి, తనకు భయపడి దాక్కున్న పాళెగాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మవారే వేషాలు మార్చి తిట్టిందని మా పెద్దలు చెప్పేవారు. అందుకని ఆ బూతులకు ఎవరూ కోపం తెచ్చుకోరు. తిట్లు తిన్నవాడే దండం పెడతాడు. తనను తిట్టకుండా పోయారని అలిగే ముసలమ్మలు కూడా ఉండేవారు.

ఆరో ఏడు అతను వీధి మొదట్లో ఉన్న బట్టల అంగడి ముందు నిలబడ్డాడు. ఆ అంగడి పెద్దాయన వీధి కొళాయి గొట్టాన్ని తన ఇంట్లోకి తిప్పుకున్నాడని అందరికీ తెలుసు. అడిగే నోరు మాత్రం ఎవరికీ లేదు.

"రేయ్ బానకడుపోడా! వీదంతా బిందెలు పట్టుకోని ఎండలో నిలబడితే నువ్వు నీ ఎనుముకు తలంటి పోస్తాండావా? తెల్లబడిందా అది?"

మిగతావి మీకు చెప్పను. వీధంతా నవ్వింది. నేనూ బిందె దించి నవ్వాను. పెద్దాయన రెండు చేతులూ జోడించి, "తప్పు కాసుకో తల్లీ" అన్నాడు. ఎంత భక్తి అనుకున్నాం.

మరుసటి ఏడు పోలీసు స్టేషనుకు కొత్త ఎస్సై వచ్చాడు, కోస్తా వైపు మనిషి. పోలీసులకూ జనానికీ మధ్య మాట నడవాలని వీధి పెద్దలతో ఒక శాంతి కమిటీ పెట్టించాడు. స్టేషను మెట్లెక్కాలంటే జడిసే మాకు, మా తరపున మాట్లాడే మనుషులు దొరికారని సంతోషించాం. పెద్దాయన అధ్యక్షుడు, మా ఆయన మెంబరు. మా తిన్నె మీదే కూర్చునేవారు. కాఫీ నేనే పోసేదాన్ని.

జాతర దగ్గర పడింది. గలాటా చేసేవాళ్ల పేర్లు రాసిమ్మని స్టేషను నుంచి అడిగారట. పెద్దాయన కాఫీ ఊదుకుంటూ మొదటగా ఎదురింటతని పేరు చెప్పాడు.

"పోయిన జాతరలో నడివీదిలో ఒంటిమీద గుడ్డ లేకండా నిలబడి బూతులు తిట్టినాడు. అందరూ సూసినారు గదప్పా?"

వాకిట్లో నిలబడి మా ఆయన వైపే చూశాను. చిన్నప్పుడు వాళ్లమ్మ మొక్కు కోసం ఆయనా వేషం వేసినవాడే. తల వంచుకొని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. లోపలికి వచ్చాక అడిగాను.

"అది వేసమని ఒక్క మాట సెప్పకూడదా?"

"పెద్దాయన సెప్పినాక నేనేం సెప్పేది మే? రాసినంత మాత్రాన పట్టుకోని పోతారా? నువ్వు నీ పని సూసుకో."

పట్టుకొనిపోయారు. జాతర చాటింపు అయిన మరుసటి ఉదయమే వచ్చి తీసుకుపోయారు. అది ఏడో ఏడు. ఆ ఒక్క వేషం పడితే మొక్కు చెల్లిపోతుంది. అతని భార్య బొగ్గు నూరుతున్న చేతులతోనే మా ఇంటికి పరుగెత్తి వచ్చింది.

"అక్కా, అన్న కమిటీలో ఉండాడు గదా, ఒక్క మాట సెప్పమనక్కా. వేసం రోజు ఒక్క పూట ఇడిస్తే సాలు. పోలీసోళ్లే ఎంట రానీ. మొక్కు తీరినాక మళ్లా ఆడనే పోయి కూసుంటాడు."

మా ఆయన మిషను తొక్కడం ఆపలేదు.

నేనే ఆమెను తోడుకొని స్టేషనుకు పోయాను. వేషం సంగతి, మొక్కు సంగతి, కొళాయి సంగతి అంతా చెప్పాను. ఎస్సై కసురుకోలేదు.

"చూడండమ్మా, నేను ఈ ఊరికి కొత్త. అందుకే కదా కమిటీ పెట్టింది? మీ వీధివాళ్లే రాసిచ్చారు. వేషమని ఒక్కరూ చెప్పలేదే! వాళ్లే మళ్లీ రాసిస్తే వదిలేస్తాను" అని కాగితం నా ముందుకు తోశాడు.

నా చదువు రెండో తరగతితో సరి. అయినా మా ఆయన సంతకం గుర్తుపడతాను. కింది నుంచి మూడోది. పక్కన ఆమె, "ఏం రాసుండాదక్కా?" అని అడుగుతోంది. నేను పోసిన కాఫీ మీద, ఆ సంతకం పెట్టిన చేతికి రోజూ అన్నం వడ్డించే నా చేతి మీద నాకు రోత పుట్టింది.

మెంబర్ల ఇండ్లన్నీ తిరిగాం. ఒకాయన స్నానంలో ఉన్నాడన్నారు. ఒకాయన పూతలపట్టులో పెళ్లికి పోయాడన్నారు, ఆయన దగ్గు మాత్రం లోపలి నుంచి వినిపిస్తూనే ఉంది. పెద్దాయన అంగట్లో గుడ్డ కొలుస్తూ నవ్వాడు.

"మొక్కు అమ్మవారిది గదమ్మా. ఆమెకు కావాలంటే ఆమే ఇడిపిచ్చుకుంటాది పో."

పోయిన ఏడు దండం పెట్టిన చేతులు అవే. ఆ ఏడు వేషం రోజు అతను స్టేషనులో కూర్చొని బయట మోగే డప్పులు విన్నాడు.

జాతర అయినాక కమిటీ మళ్లీ మా తిన్నె మీదికి వచ్చింది. "ఏమ్మా, ఈపొద్దు కాఫీ లేదా?" అన్నాడు పెద్దాయన.

"పాలు లేవన్నా. కొళాయి మీ ఇంట్లోనే ఉండాది గదా, పోయి నీళ్లు తాగండి" అన్నాను.

లేచి అంగడికి పోయారు. వెనకాలే మా ఆయనా పోయాడు. ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు నేను.

ఎస్సైకి బదిలీ అయింది, ఆ కాగితానికి కాలేదు. ఏటా చాటింపు కాగానే కానిస్టేబులు వచ్చేవాడు. కొన్నేండ్లకు ఎదురింటతనే సద్దిమూట కట్టుకొని ముందుగా స్టేషనుకు పోయి కూర్చునేవాడు. ఏడో వేషం పడనే లేదు. మొక్కు చెల్లలేదన్న భయంతో తల్లి ఏటా ఆ పిల్ల కళ్లు విప్పి చూసుకునేది. పిల్ల చూపు మాత్రం ఇంతైనా తగ్గలేదు. తప్పు ఎవరిదో అమ్మవారికి తెలుసు.

సరేనమ్మా, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినట్టున్నారు, పోండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లల కళ్లు పదికాలాలు వెలగాలి. అలాంటి కాగితం మీ గడప తొక్కకూడదు. తొక్కినా, సంతకం పెట్టే చెయ్యి మీ ఇంట్లో ఉండకూడదు.