బీర్బా పోయాక

మా బావ ఒరెస్తేకి కాలు ఒకచోట నిలవదు. ఆయన కుక్క బీర్బా పోయినప్పటి నుంచి మరీనూ. పొద్దున్నే బూట్లు తొడుక్కుని, మట్టి తవ్వే చిన్న పార పట్టుకుని గేటు దాకా వెళ్తాడు. అక్కడ కుక్క లేదన్న సంగతి గుర్తొచ్చి వెనక్కి వస్తాడు. ద్రాక్ష పందిరి కింద అటూ ఇటూ తిరుగుతూ అలవాటు కొద్దీ ఈల వేస్తాడు. వేశాక తల దించుకుంటాడు. మా అక్క ఎలీదె రొట్టె కాల్చి పెడితే నిలబడే తిని మళ్లీ గేటు దగ్గరికి పోతాడు.

"ఎక్కణ్నుంచన్నా ఓ కుక్కపిల్లని తెచ్చి పడెయ్యవే విల్మా. లేకపోతే ఈయన తిరుగుడు చూడలేక నేనే ఇల్లొదిలి పోతాను," అంది అక్క నాతో. బావకి ఒక కన్ను సరిగ్గా ఆనదు. కారు నాది కాబట్టి ఆయన్ని తిప్పే పనీ నాదే.

ఆయన బతుకంతా మా కొండల్లో ట్రఫుల్ గడ్డలు ఏరడంతోనే గడిచింది. ఓక్ చెట్ల వేళ్ల దగ్గర, మట్టి లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగులవి. మనిషి ముక్కుకి అందవు, కుక్క పసిగట్టాలి. ఏ అడవిలో దొరుకుతాయో కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పడు. రోజూ దింపేది నేనే కదా, నన్నూ నమ్మడు. వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని పాత పిండిమర దగ్గర నుంచి దొంగ మలుపులు తిప్పించి, ఎక్కడో దిగి, నా కారు కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడతాడు. మా గడ్డలవాళ్లందరూ ఇంతే. ఒకడి అడవి ఇంకొకడికి తెలిసిందంటే కుక్కల్ని చంపడానికి విషం కలిపిన మాంసం ముక్కలు పడతాయని వాళ్ల భయం. బీర్బా మాత్రం పాము కరిచి చచ్చిపోయిందన్నాడు. ఆయన మొహం చూసి ఎవరూ మారు ప్రశ్న వెయ్యలేదు.

ముందు దెసొలీనా దగ్గరికి వెళ్లాం. ఉంగరాల బొచ్చున్న గడ్డల కుక్కల్ని ఇంట్లో పిల్లల్లా పెంచే మనిషి. వంటింట్లో పొయ్యి పక్కనే తల్లి పడుకుని ఉంది, పిల్లలు దాని మీద పడి పాలు తాగుతున్నాయి. ఆ తల్లి పొట్టకి ఆవిడ ట్రఫుల్ ముక్క రాస్తుందట, పాలతోపాటే ఆ వాసన పిల్లలకి అలవాటు కావాలని. అది విని బావ మొహం విప్పారింది. తల్లి తుంటి ఎముకల ఎక్స్‌రే, కళ్ల పరీక్ష కాగితాలు అడక్కుండానే ఆవిడే మా ముందు పెట్టింది. ఆ తరవాత ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎక్కడ పడుకోబెడతారు, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంతకు ముందు కుక్క ఎలా పోయింది?

"పాము కరిచింది," అన్నాడు బావ.

"ఎప్పుడు?"

"డిసెంబర్లో."

"డిసెంబర్లో పామా?" అంది ఆవిడ మెల్లగా. "ఆ చలికి పాములు బయటికే రావే. ఏ అడవిలోనండీ?"

"అది మీకెందుకు?"

"నా పిల్ల తిరగబోయే అడవి నేను చూడాలి. చూపిస్తే ఇస్తాను. లేదంటే కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ తాగకుండానే లేచొచ్చాడు. కుక్కపిల్ల కోసం వెళ్లామా, పెళ్లి సంబంధం మాట్లాడ్డానికి వెళ్లామా అని దారంతా సణుగుడే.

ఆ తరవాత కాఫీ బారులో ఎవరో ఒక ఫోన్ నంబరు ఇచ్చారు. ఏ జాతి కావాలన్నా ఉందట, సగం ధరట, అడిగిన రోజే ఇస్తారట. ఇంటికి వచ్చి చూస్తామంటే మాత్రం ఫోన్ ఎత్తినవాడు వద్దు, హైవే మీద పెట్రోల్ బంకు దగ్గరికి రమ్మన్నాడు. ఇల్లు చూపించనివాడి దగ్గర ప్రాణమున్నదాన్ని ఎలా కొంటావు బావా అన్నాను. "వాడెవడోగానీ గుట్టు దాచుకోవడం తెలిసిన మనిషి," అన్నాడు మెచ్చుకోలుగా. నాకు ఒళ్లు మండింది.

బంకు వెనక ఒక కుర్రాడు కారు డిక్కీ తెరిచాడు. లోపల అట్టపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో రకం పిల్లలు. ఒకదాన్ని తీసి బావ చేతిలో పెట్టాడు. దాని ఒళ్లంతా సెంటు వాసన, నులిపురుగులున్నట్టు పొట్ట ఉబ్బి ఉంది. అది తడుముకుంటూ బావ వేలు నోట్లోకి తీసుకుని చీకడం మొదలుపెట్టింది.

"దీని తల్లి ఏదయ్యా?"

"తల్లితో మీకేం పని పెద్దాయనా? కొనేది పిల్లని కదా."

"ఇంకా పాలు మరవలేదిది. ఎక్కడ పుట్టింది?"

"అది మీకెందుకు?"

దెసొలీనా వంటింట్లో బావ అన్న మాటే అది. నేను ఆయన వంక చూడలేకపోయాను. పిల్ల వేలు వదలడం లేదు. తీసేసుకో బావా అనాలని నా మనసు కొట్టుకుపోయింది. కానీ దీన్ని కొంటే ఆ పెట్టెలోకి ఇంకోటి వస్తుంది, దాని కోసం ఎక్కడో చీకటి బోనులో ఆ తల్లి మళ్లీ ఈనాలి. చివరికి బావ వేలు లాక్కుని పిల్లని తిరిగిచ్చేశాడు. అది అరుస్తూనే ఉంది. నేను కారు నంబరు చూసుకుని పోలీసులకి ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేసరికి ఆ కుర్రాడు లేడు.

ఊరి దారి రాగానే బావ, "దెసొలీనా ఇంటికి పోనీ," అన్నాడు. గుమ్మంలోనే ఆవిడతో, అడవి చూద్దురుగాని రండమ్మా అన్నాడు. ఆవిడ ఏమీ అడక్కుండా కోటు వేసుకుని వెనక సీట్లో కూర్చుంది. పాత పిండిమర దగ్గర నేను అలవాటుగా మలుపు తిప్పబోయాను.

"తిప్పకు. నేరుగా పోనీ."

ఇన్నేళ్లలో మొదటిసారి ఆ అడవిలో కాలు పెట్టాను. అన్ని అడవుల్లాంటి అడవే. ఒక ఓక్ చెట్టు కింద ఆగాడు బావ.

"బీర్బా ఇక్కడే పడిపోయింది. పామూ లేదు, గీమూ లేదు. ఇటువైపు విషం వేశారని ముందే విన్నానమ్మా. గడ్డలు బాగా పడుతున్న రోజులు. వదల్లేక తీసుకొచ్చాను."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన వంగి అక్కడి రాలుటాకులు చేత్తో సర్దడం చూసి ఆపుకున్నాను.

"నా పిల్లని కూడా ఇక్కడికే తెస్తారా?" అంది దెసొలీనా.

"తేను."

"మరి మీకు గడ్డలు?"

"కొత్తచోటు వెతుక్కోవాలి. దాంతోపాటే."

ఆ అడవి ఇన్నాళ్లూ వాళ్లింటికి అన్నం పెట్టింది. ఈ వయసులో మళ్లీ మొదటి నుంచీ మొదలంటే మాటలు కాదు.

పాలు మరిచాకే పిల్లని ఇచ్చింది దెసొలీనా. సాకలేని రోజు వస్తే ఎవరికీ ఇవ్వకుండా తనకే తెచ్చివ్వాలని మాట తీసుకుంది. ఇప్పుడది బావ బూటు తాడు కొరుకుతూ ఉంటుంది, ఆయన కూర్చునే రొట్టె తింటున్నాడు. అక్క సంతోషం చెప్పనక్కర్లేదు.

కానీ హైవే మీద ఆ బంకు దగ్గరికి వచ్చామంటే, "కాస్త మెల్లగా పోనీ విల్మా," అంటాడు. ఆగి ఉన్న ప్రతి కారు డిక్కీ వంకా చూస్తాడు, ఆ డిక్కీలోని పిల్ల చీకిన వేలిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని.